హారన్‌కి ఉన్నది ఒకటే మాట

పచ్చలైటు పడింది. ముందున్న కారు కదల్లేదు. వెనకున్న మనిషి ఎంతసేపు ఓర్చుకుంటాడు?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆంథొనీ డూబ్, అలన్ గ్రాస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో, మెన్లో పార్క్ పట్టణాల్లో కొన్ని కూడళ్ళు ఎంచుకున్నారు. పనిదినాల రద్దీ అడ్డురాకుండా ఆదివారం పెట్టుకున్నారు. వాళ్ళ కారు ఎర్రలైటు దగ్గర అందరికన్నా ముందు ఆగుతుంది. ఈ సంగతేమీ తెలియని ఎవరో వచ్చి దాని వెనక ఆగుతారు. పచ్చలైటు పడ్డాక కూడా ప్రయోగం కారు కావాలనే అక్కడే ఉండిపోతుంది. వెనకవాళ్ళు రెండుసార్లు హారన్ కొడితే బయల్దేరుతుంది, లేకపోతే 15 సెకన్లయ్యాక వెళ్ళిపోతుంది. హారన్ మోగిందా, ఎన్ని సెకన్లకు మోగింది అన్నది రాసుకుంటారు.

అసలు కిటుకు కార్లలో ఉంది. కొన్నిసార్లు ముందు నిలబడేది 1966 మోడల్ క్రిస్లర్ ఇంపీరియల్, కడిగి మెరుగుపెట్టిన ఖరీదైన బండి. కొన్నిసార్లు తుప్పుపట్టిన 1954 ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్, లేదా సాదాసీదా పాత రాంబ్లర్. ఫలితం 1968లో అచ్చయింది. పాత బండి అడ్డుపడినప్పుడు వెనకవాళ్ళలో 84 శాతం మంది హారన్ కొట్టారు. ఖరీదైన బండి అడ్డుపడినప్పుడు 50 శాతం మందే కొట్టారు. పాత బండి వెనక ఆగిన ఇద్దరైతే ఏకంగా దాని బంపర్‌నే గుద్దారు.

పోయిన సమయం రెండు చోట్లా ఒకటే. ముందు కారు చేసిన తప్పూ ఒకటే. మారిందల్లా ఆ కారు వెల. లోపలున్న మనిషి ఎవరో, ఏ ఇబ్బందిలో ఉన్నాడో వెనకవాళ్ళకు తెలియదు. అయినా తుప్పు రేకును చూసి కోపం తెచ్చుకున్నారు, మెరిసే రేకును చూసి దిగమింగుకున్నారు. ఈ ప్రయోగంలో నన్ను ఇంకా ఎక్కువ ఆలోచనలో పడేసే భాగం వేరే ఉంది. ఇదే పరిస్థితిని కాగితం మీద వర్ణించి, మీరైతే ఎంతసేపట్లో హారన్ కొడతారని విద్యార్థులను అడిగారు. మగపిల్లలు ఖరీదైన కారు మీదే ముందు కొడతామని రాశారు. రోడ్డు మీద జరిగింది దానికి తలకిందులు. స్టీరింగు పట్టుకున్నాక మనం ఎలా ఉంటామో మనకే సరిగ్గా తెలియదన్నమాట.

దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత జర్మనీలోని మ్యూనిక్‌లో ఆండ్రియాస్ డీక్‌మాన్ బృందం ఈ ప్రశ్నను తిరగేసింది. అడ్డంగా నిలబడ్డ కారు ప్రతిసారీ ఒకటే, మామూలు ఫోక్స్‌వ్యాగన్ జెట్టా. ఈసారి వెనక ఆగినది ఎంత ఖరీదు బండో చూశారు. 1996లో ప్రచురించిన ఫలితం ప్రకారం, వెనక బండి ఎంత పెద్ద తరగతిదైతే అంత త్వరగా హారనో లైటో కొట్టారు. ఇవి చిన్న ప్రయోగాలు, ఒకటి రెండు ఊళ్ళలో జరిగినవి. వీటిని పట్టుకుని మనుషులంతా ఇంతేనని తీర్పు చెప్పలేం. కానీ పెద్ద ఎస్‌యూవీకి మారుమాట లేకుండా దారి వదిలి, దాని వెనకే వచ్చే ఆటోను కసురుకోవడం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బండి నడిపే ఎవరికైనా తెలిసిన దృశ్యమే. సమాజంలో ఉన్న పెద్దా చిన్నా అంతరం రోడ్డెక్కేటప్పుడు ఇంట్లో ఉండిపోదు. చక్రాలు తొడుక్కుని మనతోపాటే వస్తుంది.

అయితే హోదా ఒక్కటే ఈ కోపాన్ని వివరించలేదు. కాలినడకన వెళ్ళేటప్పుడు ఇదే మనిషి ఇలా ఉండడు. సంతలోనో జాతరలోనో భుజానికి భుజం తగిలితే, "అయ్యో, చూసుకోలేదండీ" అంటాం. అవతలి మనిషి "పర్లేదు" అంటాడు. ఒక్కోసారి ఆ మాట కూడా అక్కర్లేదు. ముఖంలో కనిపించే కంగారు, కాస్త ఎత్తిన చెయ్యి చాలు. ఆ క్షమాపణ చెప్పడానికి, అందుకోవడానికి పట్టేది అర సెకను. బండెక్కగానే ఆ సౌకర్యమంతా పోతుంది. ముఖం అద్దం వెనక్కో హెల్మెట్ లోపలికో వెళ్ళిపోతుంది. గొంతు వినపడదు. మిగిలేది హారన్. తలుపు గొళ్ళెం చప్పుడు తప్ప వేరే మాటే లేని ఒక ఇల్లు ఉందనుకోండి. మంచినీళ్ళు అడగాలన్నా, తప్పయిందనాలన్నా, పోట్లాడాలన్నా అదే చప్పుడు చెయ్యాలి. ఆ ఇంట్లో రోజుకో తగువు రాకుండా ఉంటుందా?

"లైటు పడింది, చూసుకోండి" అనడానికీ హారనే. "మీ డోరు సరిగ్గా పడలేదు" అనడానికీ హారనే. "నేను పక్కనే ఉన్నాను, ఇటు జరగొద్దు" అన్నా అదే మోత, "నీకు బుద్ధుందా" అన్నా అదే మోత. పైగా ఇప్పటి విద్యుత్ హారన్‌లో హెచ్చుతగ్గులు లేవు. బటన్ నొక్కితే మోగుతుంది, వదిలితే ఆగుతుంది. పాత ఆటోలకూ లారీలకూ ఉండే రబ్బరు బుడ్డి హారన్‌ని మెల్లగా పిసికితే మెల్లగా, గట్టిగా పిసికితే గట్టిగా పలికేది. చేతిలోని భావం ఎంతో కొంత శబ్దంలోకి వచ్చేది. ఇప్పుడది లేదు. కొట్టినవాడి ఉద్దేశం ఏదైనా, విన్నవాడి చెవిలో పడేది తిట్టే.

అమెరికన్ సమాజ శాస్త్రవేత్త జాక్ కాట్జ్ 1999లో వచ్చిన తన పుస్తకంలో ఒక అధ్యాయమంతా లాస్ ఏంజెలెస్ డ్రైవర్ల కోపానికి కేటాయించాడు. ఆయన ఒక చిన్న సంగతి మీద దృష్టి పెట్టాడు. డ్రైవరు రోజంతా చూసేది ఇతరుల వీపులే. తనను ఇబ్బంది పెట్టినవాడు ముందున్నాడు, వాడికి తను చెప్పేది వినపడదు, వాడి ముఖం కనపడదు. మన మాటను పట్టించుకోకుండా అటు తిరిగి కూర్చున్న మనిషిలా ఉంటాడు వాడు. అందుకే కోపం వచ్చినవాడు పక్కకు వచ్చి, అద్దం దించి, కళ్ళలోకి చూసి గాని వదలడు. అవతలివాడికి తెలియాలి, తను చేసిన పని తనకు తగలాలి. మన ఊళ్ళలో "ఇంట్లో చెప్పొచ్చావా?" అని అరిచేది కూడా ఆ క్షణంలోనే, బండి పక్కకు తెచ్చి, ముఖం చూస్తూ.

ముఖం కనపడకపోవడం ఎంత తేడా తెస్తుందో కొలిచిన ప్రయోగం కూడా ఉంది. 1995లో ప్యాట్రీషియా ఎల్లిసన్ బృందం పైకప్పు తెరిచి మూసే వీలున్న కార్లను ఎంచుకుంది. పచ్చలైటు దగ్గర వాటి ముందు ఒక కారు కదలకుండా నిలబడుతుంది. పైకప్పు మూసుకున్నవాళ్ళు త్వరగా, ఎక్కువసార్లు, ఎక్కువసేపు హారన్ కొట్టారు. పైకప్పు తెరిచి నలుగురికీ కనపడుతున్నవాళ్ళు ఎక్కువ ఓర్చుకున్నారు. ఆ రోజు కప్పు తెరిచి నడుపుతున్న మనిషి మనసు కాస్త హాయిగా ఉండి ఉండవచ్చు, అందుకే ఓర్పు ఎక్కువేమో అని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. అయినా మనల్ని ఎవరో చూస్తున్నారన్న ఎరుక మన చేతిని ఆపుతుందని చెప్పే ఆధారాలు మనస్తత్వ శాస్త్రంలో వేరే చోట్ల కూడా చాలా ఉన్నాయి.

ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మనకు దగ్గరి విషయం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ ఊరు ఎడారిలో ఉంటుంది, వేసవిలో 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. డగ్లస్ కెన్రిక్, స్టీవెన్ మక్‌ఫార్లేన్ అక్కడ ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఇదే పచ్చలైటు ప్రయోగం చేసి 1986లో ప్రచురించారు. వేడి పెరిగేకొద్దీ హారన్ మోత పెరిగింది. కిటికీ అద్దాలు దించుకున్నవాళ్ళలో, అంటే ఏసీ లేనివాళ్ళలో, ఈ పెరుగుదల మరీ స్పష్టంగా కనిపించింది. మే నెల మధ్యాహ్నం రెండింటికి బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హెల్మెట్ పెట్టుకుని, కింద తారు సెగ, ముందు బస్సు ఇంజను సెగ తగులుతుండగా నిలబడ్డ బైకు మనిషిని తలుచుకోండి. అతని చిరాకులో కొంత భాగం అతని స్వభావానిది కాదు. సిగ్నల్ దగ్గర చెట్టు నీడ ఉంటే ఆ చిరాకు కొంత తగ్గుతుందని నా నమ్మకం. వేసవిలో కొన్ని ఊళ్ళలో కూడళ్ళ దగ్గర పచ్చటి గుడ్డలతో పందిరి వేస్తున్నారు. అది దయతో చేసిన పనే అయినా, దాన్ని ట్రాఫిక్ ఇంజనీరింగ్‌లో భాగంగా చూడాలి.

ఇక ఎవరిని అడిగినా తాము మంచి డ్రైవర్లమనే చెబుతారు. స్వీడన్ శాస్త్రవేత్త ఓలా స్వెన్సన్ 1981లో ఈ మాటను లెక్కగట్టాడు. నడిపే నేర్పులో తాము సగటు డ్రైవరు కన్నా పైనున్నామని చెప్పినవాళ్ళు అమెరికన్లలో 93 శాతం, స్వీడన్‌వాళ్ళలో 69 శాతం. అంతమందీ పై సగంలో ఉండటం కుదిరే పని కాదు. ఈ లెక్కకు ఇంకో మానవ లక్షణం తోడవుతుంది. నేను ఒకరికి అడ్డం వచ్చానంటే కారణం పరిస్థితి: గుంత వచ్చింది, పిల్లాడు ఏడ్చాడు, ఆఫీసుకు ఆలస్యమైంది. అవతలివాడు నాకు అడ్డం వచ్చాడంటే కారణం వాడి గుణం. ఎడ్వర్డ్ జోన్స్, రిచర్డ్ నిస్బెట్ 1971లో ఈ తేడాను గుర్తించి రాశారు. నా గుంత నాకు కనపడుతుంది, వాడి గుంత కనపడదు. నిందంతా ఆ చూపులోని తేడా నుంచే పుడుతుంది.

కంటికి జరిగే మోసం మరొకటి ఉంది, దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. రద్దీలో పక్క లైను ఎప్పుడూ మన లైను కన్నా ముందుకు పోతున్నట్టే ఉంటుంది. టొరంటో వైద్యుడు డొనాల్డ్ రెడెల్‌మయర్, గణాంక శాస్త్రవేత్త రాబర్ట్ టిబ్షిరానీ 1999లో నేచర్ పత్రికలో దీనికి కారణం చెప్పారు. రెండు లైన్లూ సగటున ఒకే వేగంతో పోతున్నాయి అనుకుందాం. ఒకటి ఆగినప్పుడు ఇంకొకటి కదులుతుంది. ఆగిన లైనులో బండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, కదిలే లైనులో దూరదూరంగా ఉంటాయి. మన లైను కదిలినప్పుడు పక్కన ఆనుకుని నిలబడ్డ పది బండ్లను కొన్ని సెకన్లలో దాటేస్తాం. మనం ఆగినప్పుడు ఆ పది బండ్లే ఎడం ఎడంగా, ఒక్కొక్కటిగా, తాపీగా మనల్ని దాటుతాయి. దాటిన బండ్ల లెక్క సమానమే, కానీ దాటించుకుంటూ గడిపిన సమయం ఎక్కువ. పైగా మనం దాటినవి వెనక్కి పోయి కంటికి దూరమవుతాయి. మనల్ని దాటినవి ముందే ఉండి మనల్ని ఉడికిస్తుంటాయి. ఈ ఇద్దరూ ఒక వీడియో చూపించినప్పుడు, పక్క లైను నిజానికి కాస్త నెమ్మదిగా పోతున్నా, డ్రైవింగు నేర్చుకుంటున్న విద్యార్థుల్లో ఎక్కువమంది అదే వేగంగా పోతోందన్నారు. అటు మారిపోతామన్నారు.

అలా మారినప్పుడు ఏం జరుగుతుంది? కట్ కొట్టి దూరినవాడికి ఒక బండి పొడవు లాభం. వెనకాయన బ్రేకు నొక్కుతాడు. అతని వెనకాయన కాస్త ఆలస్యంగా, అందువల్ల కాస్త గట్టిగా నొక్కుతాడు. ఆ వెనకాయన ఇంకా గట్టిగా. కొన్ని బండ్ల తర్వాత ఎవరో ఒకరు పూర్తిగా ఆగిపోతారు. 2008లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన యూకీ సుగియామా బృందం దీన్ని కళ్ళకు కట్టేలా చూపించింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి బాటలో 22 కార్లను పెట్టి, 30 కిలోమీటర్ల వేగంతో నిదానంగా తిరగమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డం వచ్చేవాళ్ళు లేరు. కాసేపు సాఫీగా తిరిగాక, ఎవరి వేగంలోనో వచ్చిన చిన్న తేడా పెరిగి పెరిగి, నాలుగైదు కార్లు ఆగిపోయే దశకు వచ్చింది. ఆ ఆగిన ముద్ద గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకుతూ పోయింది. ఏ కారణమూ లేకుండానే ఇంత జరిగితే, రోజూ వందలమంది కట్ కొట్టే రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. కట్ కొట్టినవాడికి తన లాభం ఎదురుగా కనపడుతుంది. నష్టం అరకిలోమీటరు వెనక ఎవరో అపరిచితుడికి పడుతుంది. అతనికి దీని కారణం తెలియదు, ఇతనికి ఆ ఫలితం తెలియదు.

మన రోడ్ల మీద దీన్ని ఆపడంలో ఒక చిక్కు కూడా ఉంది. ముందు బండికి దూరం పాటించమని పుస్తకాలు చెబుతాయి. పాటిస్తే ఆ ఖాళీలోకి బైకు దూరుతుంది, దాని వెనక ఆటో దూరుతుంది. ఖాళీ వదలడం మర్యాద అనుకున్నవాడు వెనకబడిపోతాడు, వెనకవాళ్ళ చేత హారన్ కూడా కొట్టించుకుంటాడు. లారీ, బస్సు, కారు, ఆటో, బైకు, తోపుడుబండి ఒకే రోడ్డు పంచుకునే చోట లైను గీతలకు ఆట్టే అర్థం ఉండదు. వేరే దేశాల్లో రాసిన మర్యాద పాఠాలు ఇక్కడ అక్షరాలా పనిచెయ్యవని చెప్పడంలో తప్పులేదు. కానీ ఇక్కడ భాషే లేదనుకుంటే మాత్రం పొరపాటు.

మన రోడ్డు భాషను తయారుచేసింది లారీ డ్రైవర్లు, క్లీనర్లు. ఇప్పుడు నాలుగు లైన్లయిన హైవేలు ఒకప్పుడు రెండు లైన్ల రోడ్లు. ముందు లోడు లారీ పోతుంటే దాని అవతల ఏముందో వెనకున్న కారుకు కనపడదు. లారీ వెనక "సౌండ్ హారన్" అని రాసి ఉంటుంది. అక్కడ హారన్ కొట్టడం మొరటుతనం కాదు, నేను వెనకున్నాను, సైడ్ ఇవ్వమని అడగడం. లారీ డ్రైవరు ఎదురుగా బండి వస్తుంటే చెయ్యి బయటపెట్టి ఆగమంటాడు. దారి ఖాళీగా ఉంటే ఎడమకు జరిగి, కుడి ఇండికేటర్ వేస్తాడు, లేదా చేత్తో ముందుకు ఊపుతాడు. దాటినవాడు పొట్టి హారన్ ఒకటి కొట్టి వెళతాడు, అది థాంక్స్. సందుల్లో రివర్స్ తీసేటప్పుడు క్లీనర్ దిగి బండి రేకు మీద అరచేత్తో తట్టే దెబ్బల్లో కూడా లెక్క ఉంటుంది. బస్సులో కండక్టర్ గంట ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే పోవాలి. వీటిని ఏ బడిలోనూ నేర్పలేదు. రాత్రిళ్ళు ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉన్న పనిలో అవి వాటంతటవే పుట్టాయి.

ఈ భాషకు ప్రమాదం ఎక్కడుందంటే, అది తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే రోడ్డు మీద ఉండటంలో. చట్టం ప్రకారం కుడి ఇండికేటర్ అంటే నేను కుడికి తిరుగుతున్నాను. లారీ సంప్రదాయంలో అదే ఇండికేటర్ అంటే నువ్వు కుడిపక్క నుంచి దాటు. ఒకరు ఒక అర్థంలో వేసి, ఇంకొకరు ఇంకో అర్థంలో తీసుకుంటే ప్రాణాలు పోతాయి. హెడ్‌లైటు కొట్టడం కూడా అంతే. మన దగ్గర ఎదురుబండి లైటు కొట్టిందంటే, నేను వస్తున్నాను, నువ్వు ఆగు అని. బ్రిటన్‌లో డ్రైవర్లు దాన్ని తరచు "ముందు మీరు వెళ్ళండి" అనే అర్థంలో వాడతారు, అక్కడి హైవే కోడ్ మాత్రం నేనిక్కడ ఉన్నానని తెలపడానికి తప్ప వాడొద్దంటుంది. అమెరికా వెళ్ళిన మనవాళ్ళకు మొదట వింతగా తోచేది నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉన్న కూడలి. పోలీసు లేడు, లైటు లేదు. ముందు వచ్చి ఆగినవాడు ముందు వెళతాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాడిది వంతు. అక్కడివాళ్ళు పుట్టుకతో మనకన్నా మంచివాళ్ళని దీని అర్థం కాదు. ఎవరి వంతో అందరికీ ముందే తెలుసు, అందువల్ల పోటీకి చోటు లేదు.

జీవశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ 1973లో జంతువుల పోట్లాటల గురించి రాసిన వ్యాసం ఇక్కడ బాగా పనికొస్తుంది. రెండు జంతువులు ఒకే దాని కోసం ఎదురుపడితే సాధారణంగా చచ్చేదాకా పోరాడవు. ఎందుకు? అందరూ దూకుడుగా ఉండే గుంపులో దెబ్బలే ఎక్కువ, అందరూ తగ్గే గుంపులో ఒక్క దూకుడుగాడు వస్తే అన్నీ వాడివే. రెండూ నిలకడగా ఉండవు. మేనార్డ్ స్మిత్ తర్వాత చూపించిందేమంటే, "ముందున్నవాడిదే హక్కు" లాంటి చిన్న ఆనవాయితీ ఒకటి ఉంటే పోరాటం లేకుండానే తగువు తీరుతుంది. ఆ ఆనవాయితీ న్యాయమైనదా కాదా అన్నది కూడా రెండో మాట, ఇద్దరికీ తెలిసినది అయితే చాలు. ఘాట్ రోడ్ల నియమం అలాంటిదే. దారి ఇరుకైన చోట కిందికి దిగే బండి ఆగి, పైకి ఎక్కే బండికి దారివ్వాలి. ఎక్కే బండి ఎత్తులో ఆగితే మళ్ళీ కదలడం కష్టం, వెనక్కి జారే ప్రమాదం కూడా ఉంటుంది కాబట్టి ఈ నియమానికి కారణం కూడా ఉంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు వెళ్ళే ఘాట్ మలుపుల్లో ఈ మర్యాద తెలియని ఒక్క కారు చాలు, అరగంట అందరూ ఆగిపోవడానికి.

కోనసీమ కాలవగట్ల మీద ఏ బోర్డూ అక్కర్లేకుండా ఇది జరుగుతుంది. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేను, మధ్యలో ఒక బండి పట్టే రోడ్డు. ఎదురుపడ్డ ఇద్దరిలో ఎవరి వెనక వెడల్పు చోటు దగ్గరగా ఉంటే వాళ్ళు వెనక్కి తీస్తారు. అవతలి మనిషిది పక్కూరే అయి ఉంటుంది, రేపు మళ్ళీ ఎదురుపడతాడు, పెళ్ళిలో పక్క విస్తరిలో కూర్చుంటాడు. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984లో రాసిన పుస్తకం సారం కూడా ఇదే: మళ్ళీ కలుస్తామన్న లెక్క ఉన్నచోట స్వార్థపరులు కూడా సహకరిస్తారు. నగరంలో ఆ లెక్క పోతుంది. పంజాగుట్ట చౌరస్తాలో కట్ కొట్టినవాడిని జీవితంలో మళ్ళీ చూడం. అదే మనిషి తన సొంత కాలనీ గేటు దగ్గర ఎంత మర్యాదగా దారిస్తాడో గమనిస్తే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇంతదాకా మర్యాదను మంచిగానే చెప్పుకుంటూ వచ్చాం. కానీ మర్యాద ప్రాణం తీసే సందర్భం ఒకటుంది, అది ప్రతి డ్రైవరుకూ తెలియాలి. రెండు లైన్ల రోడ్డు మీద ఒక పెద్దావిడ దాటాలని చూస్తోంది. ఒక కారాయన మంచి మనసుతో ఆమెకు దగ్గరగా వచ్చి ఆగి, రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె అతన్ని నమ్మి అడుగేసింది. కారు పక్కనుంచి వస్తున్న బైకుకు ఆమె కనపడదు, ఆమెకు బైకు కనపడదు. కారే తెర. తర్వాత జరిగేది రాయడానికి చెయ్యి రాదు. ఆ కారాయన చెయ్యి ఊపి తనది కాని లైను గురించి కూడా హామీ ఇచ్చాడు. చెయ్యాల్సింది వేరే: దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ వచ్చి, జీబ్రా గీతలకు చాలా ముందే ఆగడం. అలా ఆగితే పక్క లైనువాడికి ఆమె కనపడేంత చోటు తెరుచుకుంటుంది, ఆమెకు కూడా పక్క లైను కనపడుతుంది. చెయ్యి ఊపే పనే లేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో 44 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు, 19 శాతం పైగా కాలినడకన వెళ్తున్నవాళ్ళు. రోడ్డు మీద ఒక సంజ్ఞ తప్పుగా అర్థమైతే ఆ ఖర్చు ఎవరు చెల్లిస్తున్నారో ఈ అంకెలు చెబుతాయి.

వేగం తగ్గించడం కూడా ఒక మాటే. బహుశా రోడ్డు మీద అన్నిటికన్నా స్పష్టమైన మాట అదే. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు డ్రైవరును సీటు కవర్ లాంటి ముసుగులో దాచి, ఎవరూ నడపని కారులా కనిపించేటట్టు చేసి రోడ్డు మీదకు వదిలారు. పాదచారులు ఆశ్చర్యపోయారు, కానీ చాలామంది మామూలుగానే దాటారు. కారు నెమ్మదించి ఆగే తీరు చూసి దాని ఉద్దేశం అర్థం చేసుకున్నారు. చివరి క్షణం దాకా దూసుకొచ్చి కీచుమని బ్రేకు వేసేవాడు చట్టప్రకారం ఆగినట్టే. అయినా దాటే మనిషి గుండె జారిపోతుంది. ముందునుంచీ నెమ్మదించేవాడు ఏమీ అనకుండానే "మీరు దాటండి" అని చెప్పేశాడు.

అంబులెన్సు విషయంలోనూ లోటు మంచితనంలో లేదు. సైరన్ వినగానే మనవాళ్ళలో ఎక్కువమంది జరగాలనే చూస్తారు. కొందరు ఎడమకు, కొందరు కుడికి జరిగి, చివరికి మధ్యలో ముడి పడుతుంది. 2019 సవరణతో మన మోటారు వాహనాల చట్టంలో అత్యవసర వాహనానికి దారివ్వకపోతే 10,000 రూపాయల జరిమానా పెట్టారు. జర్మనీ చట్టం ఇంకో పని చేస్తుంది. హైవేలో బండ్లు నడక వేగానికి వచ్చాయంటే, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా, అన్నిటికన్నా ఎడమ లైనువాళ్ళు ఎడమకు, మిగతావాళ్ళందరూ కుడికి జరిగి మధ్యలో దారి తెరిచి ఉంచాలి. ఎవరు ఎటు జరగాలో ముందే నిర్ణయమైపోయింది. మన జరిమానా తప్పు చేశాక వచ్చేది, వాళ్ళ నియమం తప్పు జరగకముందే పనిచేసేది. మన హైవేలకు ఇలాంటి నియమం ఒకటి రాసుకుని, లెర్నర్ లైసెన్సు పరీక్షలో మొదటి ప్రశ్నగా పెట్టడానికి ఖర్చేమీ కాదు.

హారన్‌ను అణచడానికి కూడా ఒక మంచి ఆలోచన మన దేశంలోనే వచ్చింది. కొన్ని సిగ్నళ్ళకు శబ్దం కొలిచే యంత్రాలు అమర్చిన ప్రయోగాన్ని ముంబై పోలీసులు 2020 జనవరిలో ప్రజలకు చూపించారు. ఎర్రలైటు దగ్గర మోత 85 డెసిబెల్స్ దాటితే సిగ్నల్ మీద తగ్గుతూ వచ్చే అంకెల లెక్క మళ్ళీ మొదటికొచ్చేది. హారన్ కొట్టినవాడు తన నిరీక్షణను తనే పొడిగించుకునేవాడు. దెబ్బ చేసినవాడికే తగిలేలా, అదీ అక్కడికక్కడే తగిలేలా చెయ్యడం దీని బలం. బలహీనత ఏమంటే, నోరు మూసుకుని నిలబడ్డవాళ్ళకూ అదే శిక్ష పడుతుంది.

నాకు వీటన్నిటికన్నా నచ్చిన ప్రయోగం కొలంబియా రాజధాని బొగోటాలో జరిగింది. 1995లో అక్కడ మేయరైన ఆంటానస్ మాకస్ గణితం, తత్వశాస్త్రం చదివిన అధ్యాపకుడు. కూడళ్ళలో ముఖానికి తెల్లరంగు వేసుకున్న మూకాభినయ కళాకారులను నిలబెట్టాడు. జీబ్రా గీతల మీదకు బండి తెచ్చి ఆపినవాడి ముందు నిలబడి, మాట లేకుండా, అతను చేసిన పనిని అభినయించి చూపిస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. జరిమానా లేదు, తిట్టు లేదు, కానీ డ్రైవరు ముఖం ఒక్కసారి అందరికీ కనపడుతుంది. దాంతోపాటు ప్రజలకు లక్షల సంఖ్యలో కార్డులు పంచారు. మొరటుగా నడిపినవాడికి చూపించడానికి బొటనవేలు కిందికి ఉన్న బొమ్మ, దారి ఇచ్చినవాడికి చూపించడానికి బొటనవేలు పైకి ఉన్న బొమ్మ. ఆ తర్వాతి దాదాపు పదేళ్ళలో బొగోటాలో రోడ్డు మరణాలు సగానికి పైగా తగ్గాయి. రాత్రి ఒంటిగంటకే బార్లు మూయించడం, కాలిబాటలు వెయ్యడం, బస్సులకు ప్రత్యేక దారులు కట్టడం కూడా ఆ కాలంలోనే జరిగాయి కాబట్టి ఆ ఘనతంతా కార్డులకూ కళాకారులకూ ఇవ్వలేం. కానీ అప్పటిదాకా హారనూ తిట్టూ తప్ప ఏమీ లేని డ్రైవర్ల చేతికి రెండు మాటలు వచ్చాయి, వాటిలో ఒకటి మెచ్చుకోలు. ఇలాంటి మాటను జపాన్ డ్రైవర్లు తమంతట తామే తయారుచేసుకున్నారు: ఎవరైనా లైనులోకి రానిస్తే, ముందుకొచ్చినవాడు రెండు మూడు సార్లు నాలుగు ఇండికేటర్లూ వెలిగించి ఆర్పుతాడు. ఆ బటన్ మన కార్లన్నిటిలోనూ ఉంది. మన దగ్గర దాన్ని వర్షంలో నడిపేటప్పుడూ, కూడలిలో తిన్నగా వెళ్ళేటప్పుడూ వేసి అవతలివాళ్ళను తికమకపెడుతున్నాం. ఆ రెండూ మానేసి, దారి ఇచ్చినవాడి కోసం ఒక్కసారి వాడి చూడండి. వెనకాయనకు మొదటి రోజు అర్థం కాకపోవచ్చు. లారీ డ్రైవరు పొట్టి హారన్ కూడా మొదటిసారి విన్నవాడికి అర్థమై ఉండదు.